మా వాడు యూకేజీలో చేరాక రోజువారీ అలవాట్లు ఎలా సెట్ అయ్యాయంటే

మా వాడికి ఐదేళ్ళు. మొన్నటిదాకా ఇంటి పక్కనే రెండు గంటల ప్లేస్కూల్, తొమ్మిదింటికి లేచినా నడిచిపోయేది, పోయిన జూన్ నుంచి యూకేజీ, బస్సేమో ఏడూ ముప్పావుకే సందు చివరికి వచ్చేస్తుంది. స్కూల్ అనగానే అందరూ లంచ్ బాక్స్‌లో ఏం పెట్టాలి అని కంగారు పడతారు కదా, నన్నడిగితే బాక్స్ సంగతి తర్వాత, ముందు నిద్ర చూసుకోండి.

మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని మా పిల్లల డాక్టరుగారు చెప్పారు. స్కూల్లో మధ్యాహ్నం పడుకోబెట్టరు, పొద్దున ఆరుంబావుకి లేవాలి, అంటే రాత్రి ఎనిమిదికల్లా పక్క ఎక్కాలి. మా వాడేమో పదిన్నరకి కూడా వాళ్ళ నాన్న ఫోన్ పట్టుకుని సోఫాలో దొర్లుతుండేవాడు. ఒక్కసారిగా పడుకోమంటే ఎలా పడుకుంటాడు, అందుకే మే నెల మొదట్లోనే లేచే టైమ్ ముందు ఫిక్స్ చేసి, పడుకునే టైమ్‌ని పావుగంట పావుగంట చొప్పున తగ్గించుకుంటూ వచ్చాం, రాత్రి ఎంత లేటయినా సరే పొద్దున్నే కర్టెన్ తీసేయడమే. అసలు కష్టం పిల్లాడితో కాదండీ, ఇంటితో. హాల్లో సీరియల్ మోగుతుంటే ఏ పిల్లాడికి నిద్ర పడుతుంది? అత్తయ్యకి ఎలా చెప్పాలా అని చాలా ఆలోచించా, చెప్తే ఆవిడ "వాడి కోసమేగా అమ్మాయ్, పగలు టీవీలో మళ్ళీ వేస్తారులే, అప్పుడు చూస్తా" అనేశారు, ఇప్పుడు కథ చెప్పి జోకొట్టేది కూడా ఆవిడే. ఫోన్లన్నీ అన్నాల టైమ్‌కి బీరువా మీదకి వెళ్ళిపోతాయి, మా ఆయనది కూడా.

నిద్ర కుదిరాక పొద్దున పూట మారిపోయింది. టిఫిన్ తిన్నాక పది నిమిషాలు బాత్రూంలో కూర్చోబెడతా, తిన్న తర్వాత పేగులు కదులుతాయి కాబట్టి అప్పుడయితే మోషన్ ఈజీగా వస్తుందట, కాళ్ళు గాల్లో వేలాడకుండా కింద చిన్న స్టూల్ వేశాం, రోజూ అదే టైమ్‌కి కూర్చుంటే ఒంటికి అలవాటైపోతుంది. పొద్దున పాలు మాత్రం సాయంత్రానికి మార్చాం, ఆ పెద్ద గ్లాసు తాగితే ఒక్క ఇడ్లీ కూడా లోపలికి దిగదు, పాలతోనే పొట్ట నింపుకునే పిల్లలకి ఐరన్ తగ్గుతుందని కూడా డాక్టరుగారు చెప్పారు.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పాలనుకునేది బాత్రూం గురించే. స్కూల్ మొదలైన కొత్తల్లో వాటర్ బాటిల్ ఎలా పంపితే అలా నిండుగా తిరిగొచ్చేది, బస్సు దిగగానే షూస్ కూడా విప్పకుండా బాత్రూంలోకి పరుగు. "స్కూల్లో ఎందుకు వెళ్ళలేదు నాన్నా" అంటే "హుక్కు రావట్లేదమ్మా" అన్నాడు. యూనిఫాం నిక్కరు తీసి చూస్తే కొత్త ఇనప హుక్కు, బిగుతుగా ఉంది, దాని మీద బెల్టు, నా వేళ్ళకే ఒక పట్టాన రాలేదు. విప్పుకోవడం రాక తడుపుకుంటానేమో అని భయపడి నీళ్ళే మానేశాడు! నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడే టైలర్ దగ్గరికెళ్ళి హుక్కు పీకించి ఎలాస్టిక్ వేయించా, టీచర్‌తో మాట్లాడితే బెల్టు లేకపోయినా పర్లేదన్నారు, ఇంటర్వెల్‌లో ఆయమ్మ పిలిచి మరీ తీసుకెళ్తోంది. ఇంకోటి, మా ఇంట్లో కమోడ్, స్కూల్లో ఇండియన్ టాయిలెట్, గొంతుక్కూర్చోవడం అలవాటు లేదు, అది అమ్మమ్మ వాళ్ళింట్లో నేర్పించాం. బాటిల్ కూడా మూత తిప్పేది కాకుండా బటన్ నొక్కితే తెరుచుకునేది కొన్నాం. యూరిన్ ఆపుకుంటే ఇన్ఫెక్షన్ రావచ్చు, నీళ్ళు తాగకపోతే మోషన్ గట్టిపడుతుంది, అందుకని కొత్త యూనిఫాం రాగానే వాడే వేసుకుని వాడే విప్పుకోగలడో లేదో ఇంట్లోనే చూడండి దయచేసి.

మిగతావి పెద్ద కష్టం కాలేదు. రాత్రి బ్రష్ చేయడం మొదలుపెట్టాం, ఫ్లోరైడ్ పేస్ట్ బఠాణీ గింజంత చాలు, చివర్లో మనం ఒకసారి తోమాలి, వెనక పళ్ళు వాళ్ళకి అందవు. చేతులకి సబ్బు రాసి ఇరవై లెక్కపెట్టేదాకా రుద్దుతాడు, అంకెలు కూడా వచ్చేశాయి. ఐదేళ్ళకి వేయించాల్సిన డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే టీకా) బూస్టర్ వేయించాం, ఇది చాలామంది మర్చిపోతారు. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 నులిపురుగుల నివారణ రోజుల్లో స్కూల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర, నమిలి మింగాలని ముందే చెప్పి పంపా.

కూరల దగ్గర మాత్రం ఇంకా కుస్తీ పడుతున్నాం. బెండకాయ వేపుడు తప్ప ఏదీ ముట్టుకోడు, సొరకాయ, పాలకూర పప్పులో వేసి మెత్తగా ఎనిపి పెడుతున్నా, స్నాక్స్ బాక్స్‌లో జామకాయ ముక్కలు మాత్రం ఒక్కటి కూడా మిగల్చడు.