పన్నెండేళ్ల ఛాంపియన్లు, పాతికేళ్ల విజేతలు

చిన్న వయసులో పతకాలు గెలిచిన పిల్లలే పెద్దయ్యాక దేశానికి పతకాలు తెస్తారన్న నమ్మకం మీదే మన క్రీడా వ్యవస్థ చాలావరకు నడుస్తోంది. అకాడమీలు పిల్లలను ఏరుకునే తీరు, తల్లిదండ్రులు ఆరాటపడే తీరు, జిల్లా స్థాయి పోటీల్లో కోచ్‌లు పడే తొందర, అన్నీ ఆ నమ్మకం నుంచి పుట్టినవే. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, వారాంతాల్లో కంఠీరవ స్టేడియానికి వచ్చే పిల్లలకు పరుగులో ఓనమాలు నేర్పిస్తూ, క్రీడా విధానాల మీద వస్తున్న పరిశోధనను శ్రద్ధగా చదువుతున్నకొద్దీ, ఈ నమ్మకానికి ఉన్న ఆధారం మనం అనుకున్నదానికన్నా ఎంతో బలహీనమైనదని నాకు స్పష్టమవుతోంది.

జర్మనీకి చెందిన ఆర్నె గుల్లిఖ్, అమెరికాకు చెందిన బ్రూక్ మెక్‌నమారా, డేవిడ్ హాంబ్రిక్ కలిసి 2021లో వెలువరించిన ఒక విశ్లేషణ ఈ విషయంలో అన్నింటికన్నా ముఖ్యమైనదని నా అభిప్రాయం. అంతకుముందు జరిగిన 51 అధ్యయనాలను ఒకచోట చేర్చి, 6,096 మంది క్రీడాకారుల బాల్య శిక్షణ వివరాలను వాళ్లు పోల్చి చూశారు. అందులో 772 మంది ప్రపంచ స్థాయిలో అగ్రశ్రేణికి చెందినవాళ్లు. జాతీయ స్థాయి దగ్గరే ఆగిపోయినవాళ్లతో పోలిస్తే ప్రపంచ స్థాయికి చేరినవాళ్లు చిన్నప్పుడు ఎక్కువ ఆటలు ఆడారు, తమ ప్రధాన క్రీడను ఆలస్యంగా మొదలుపెట్టారు, మొదట్లో నెమ్మదిగానే ఎదిగారు. జూనియర్లలో ముందున్నవాళ్ల విషయంలో మాత్రం లెక్క పూర్తిగా తిరగబడింది: వాళ్లు ఒకే ఆటను త్వరగా పట్టుకుని, అందులోనే ఎక్కువ గంటలు సాధన చేసినవాళ్లు. అంటే పన్నెండేళ్లప్పుడు గెలిపించే పద్ధతి ఒకటి, పాతికేళ్లప్పుడు గెలిపించే పద్ధతి మరొకటి. ఇవి సగటు లెక్కలే గానీ ప్రతి పిల్లవాడికీ వర్తించే శాసనాలు కావు, ఎక్కువ ఆటలు ఆడటమే విజయానికి కారణమని ఇవి నిరూపించనూ లేదు. అయినా ఇంతమంది వివరాల్లో ఒకే దిశగా కనిపిస్తున్న తేడాను పక్కన పెట్టడం సాధ్యం కాదు.

దీనికి తోడు పుట్టిన నెల ప్రభావం ఒకటుంది. కెనడాలో మంచు హాకీ ఆడేవాళ్ల పుట్టినరోజులను రోజర్ బార్న్‌స్లీ, ఆయన సహచరులు 1985లో పరిశీలించినప్పుడు, ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లు ఉండవలసినదానికన్నా ఎక్కువమంది ఉన్నారు. వయసు విభాగం జనవరి ఒకటితో మొదలవుతుంది కాబట్టి, జనవరిలో పుట్టినవాడు డిసెంబరులో పుట్టినవాడికన్నా దాదాపు ఏడాది పెద్ద. ఆ ఏడాది తేడానే మనం ప్రతిభ అనుకుంటాం. ఎంపికైనవాడికి మంచి కోచ్ దొరుకుతాడు, ఎక్కువ పోటీలు దొరుకుతాయి, దాంతో మొదట లేని తేడా తర్వాత నిజంగానే వస్తుంది. హైదరాబాద్ దగ్గరి హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో నాలుగో తరగతి ప్రవేశాలకు ఎత్తు, బరువు కొలిచి, ముప్పై మీటర్ల పరుగు, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం లాంటి పరీక్షలు పెడతారని మన ప్రాంతం వాళ్లకు తెలుసు. పల్లెటూరి పేద పిల్లలకు తలుపు తెరిచిన బడిగా దాని మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసులో కొలిచే ఎత్తులో పుట్టిన నెల వాటా ఎంతో, ఆ బిడ్డ సత్తా వాటా ఎంతో విడదీసి చూడకపోతే, వయసు విభాగం చివరి నెలల్లో పుట్టినవాళ్లను మనం ఏటా తెలియకుండానే ఇంటికి పంపిస్తూ ఉంటాం.

మా ట్రాక్ దగ్గరికి హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన ఒక తండ్రి కొడుకును తీసుకువస్తుంటారు. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక రూళ్ల పుస్తకం ఉంటుంది. పన్నెండేళ్ల ఆ అబ్బాయి పరిగెత్తిన ప్రతి వంద మీటర్లూ అందులో తేదీతో సహా ఎక్కుతాయి, వేగం తగ్గిన రోజుల కింద ఎర్ర గీత పడుతుంది. ఈమధ్య ఎర్ర గీతలు వరుసగా పడటంతో ఆయన దగ్గరికొచ్చి, "మేడమ్, పోయిన నెలకంటే పావు సెకను వెనకబడినాడు, సాయంత్రం కూడా ఇంకో పూట పెడదామా?" అని అడిగారు. ఆయన అలా అడుగుతున్నప్పుడు అబ్బాయి గట్టు మీద కూర్చుని మోకాలి చిప్ప కింద బొటనవేలితో నొక్కుకుంటున్నాడు, వేసుకున్న ట్రాక్ ప్యాంటు చీలమండల పైకి వచ్చేసింది. ఎముకలు వేగంగా పెరుగుతున్న నెలల్లో కండరాలు, కీళ్లు ఆ పెరుగుదలను అందుకోవడానికి సమయం పడుతుంది, పరుగులో పొందిక కొంత తప్పుతుంది, మోకాలి కింద నొప్పి రావడం కూడా చాలామందిలో కనిపించేదే. కొన్నాళ్లు సమయం రాయడం ఆపి, నొప్పి డాక్టరుకు చూపించి, అది తగ్గాక వాడిని హర్డిల్స్ దగ్గర, లాంగ్ జంప్ గుంత దగ్గర ఆడనివ్వమని చెప్పాను. "అట్ల వదిలేస్తే మిగతా పిల్లోళ్లు దాటిపోరా మేడమ్?" అన్నారు ఆయన.

ఆ ప్రశ్నలో తప్పు పట్టవలసిందేమీ లేదు. ఎంపిక జాబితా ఆ ఏడాది సమయాన్ని మాత్రమే చూస్తుంది, హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్ ఆ జాబితా మీదే ఆధారపడతాయి. తండ్రి తొందరను సరిదిద్దాలంటే ముందు జాబితాను సరిదిద్దాలి, అది ప్రభుత్వ విధానం చేయవలసిన పని.

విధానాల మాట వచ్చింది కాబట్టి, ఈ రంగంలో అందరూ ప్రస్తావించే 'స్ప్లిస్' నమూనా గురించి చెప్పాలి. బ్రస్సెల్స్‌లోని విశ్వవిద్యాలయంలో పనిచేసే వెర్లే డి బోషర్, ఆమె సహచరులు 2006లో దీన్ని ప్రతిపాదించారు. అంతర్జాతీయ విజయాలకు తోడ్పడే విధానాంశాలను వాళ్లు తొమ్మిది స్తంభాలుగా విభజించారు: నిధులు, నిర్వహణ, సామాన్య ప్రజల క్రీడా భాగస్వామ్యం, ప్రతిభ గుర్తింపు, క్రీడాకారులకు ఆట కొనసాగుతున్నప్పుడూ ఆ తర్వాతా అందే ఆసరా, మైదానాలు, కోచ్‌ల తయారీ, పోటీలు, శాస్త్ర పరిశోధన. 15 దేశాలను పోల్చిన వాళ్ల పెద్ద అధ్యయనం 2015లో పుస్తకంగా వచ్చింది. డబ్బుకూ పతకాలకూ సంబంధం ఉందని, కానీ అన్ని దేశాలకూ సరిపడే మార్గం ఒకటి లేదని అందులో తేలింది. మన చర్చల్లో నిధులు, స్టేడియాలు, ప్రతిభాన్వేషణ ఎప్పుడూ ఉంటాయి. కోచ్‌ల తయారీ, ఆట తర్వాతి జీవితం దాదాపుగా ఉండవు.

డబ్బును పతకాలకే ముడిపెట్టిన బ్రిటన్ అనుభవం మనవాళ్లు ప్రత్యేకంగా చదవదగినది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఒకే ఒక్క స్వర్ణంతో 36వ స్థానంలో నిలిచిన దేశం, 1997 నుంచి జాతీయ లాటరీ నిధులను అగ్రశ్రేణి క్రీడలకు మళ్లించి, 2012 లండన్‌లో 29 స్వర్ణాలు గెలిచింది. పతకం వచ్చే క్రీడకే నిధులన్న కఠినమైన నియమం ఈ ఎదుగుదలకు తోడ్పడిందన్నది కాదనలేని విషయం. అదే నియమం కింద, 2016 రియోలో పురుషుల డబుల్స్‌లో కాంస్యం గెలిచిన బ్యాడ్మింటన్‌కు కూడా టోక్యో కోసం నిధులు నిరాకరించారు. క్రీడాకారుల సంక్షేమం మీద 2017లో టానీ గ్రే థాంప్సన్ నివేదిక, జిమ్నాస్టిక్స్‌లో పిల్లలు అనుభవించిన వేధింపుల మీద 2022లో ఆన్ వైట్ నివేదిక వచ్చాక, పతకాలకు చెల్లించిన మూల్యం ఎంతో ఆ దేశమే బహిరంగంగా చర్చించుకోవలసి వచ్చింది.

నార్వే మరో దారి తొక్కింది. అక్కడ పదకొండేళ్ల లోపు పిల్లల పోటీల్లో ర్యాంకులు ఇవ్వరు, పదమూడేళ్లు వచ్చేదాకా జాతీయ ఛాంపియన్‌షిప్‌లు ఉండవు. సుమారు 54 లక్షల జనాభా ఉన్న ఆ దేశం 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో 16 స్వర్ణాలతో పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. టోక్యోలో 400 మీటర్ల హర్డిల్స్‌ను 45.94 సెకన్లలో ముగించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచిన నార్వే అథ్లెట్ కార్‌స్టెన్ వార్‌హోమ్ కుర్రతనంలో పలు ఈవెంట్లు కలిసిన పోటీల్లో ఆడినవాడు.

ఇవన్నీ చల్లటి, సంపన్న దేశాల కథలని, మనకు పనికిరావని ఒక వాదన ఉంది, అందులో కొంత నిజమూ ఉంది. ఈ అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఊరూరా క్లబ్బులున్న సమాజాల నుంచి వచ్చినవి. సింధు ఎనిమిదేళ్లకే రాకెట్ పట్టిందన్నదీ నిజమే, అయితే తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులైన ఇల్లు ఎంతమందికి దొరుకుతుంది? బరువు తగ్గమని పానిపట్ స్టేడియానికి పంపితే అక్కడ ఈటె పట్టుకున్న నీరజ్ చోప్రా కథ మనలో ఎక్కువమందికి దగ్గరగా ఉంటుంది. అతనికి కావలసివచ్చింది తెరిచి ఉన్న ఒక మైదానం, చేరదీసే పెద్ద ఆటగాళ్లు. మన తెలుగు పిల్లల్లో ఎంతమందికి ఆ మైదానం ఉంది? ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ చెప్పే బడులు మూడంతస్తుల అద్దె భవనాల్లో నడుస్తున్నాయి. పదో తరగతి రాగానే ఆట ఆపించేస్తారు, ఇంటర్‌లో హాస్టల్ గోడ దాటనివ్వరు. బెంగళూరులో పీయూసీ (ఇక్కడి ఇంటర్) పిల్లల పరిస్థితీ ఇంతే. అథ్లెట్ శరీరం అసలు శిక్షణకు సిద్ధమయ్యే పదహారు, పదిహేడేళ్ల వయసులో మనం సరిగ్గా వాళ్లను మైదానం నుంచి తప్పిస్తున్నాం. ఎంత గొప్ప ప్రతిభాన్వేషణ పథకమైనా ఈ నష్టాన్ని పూడ్చలేదు.

సహాయం లేదని నేను అనను. 2014లో మొదలైన కేంద్ర ప్రభుత్వ టాప్స్ (టార్గెట్ ఒలింపిక్ పోడియం స్కీమ్) పథకం ఒలింపిక్ స్థాయి క్రీడాకారులకు నెలకు 50,000 రూపాయల భత్యం ఇస్తోంది, కేంద్రానిదే మరో పథకమైన ఖేలో ఇండియాలో ఎంపికైనవాళ్లకు నెలకు 10,000 అందుతోంది. కానీ ఎంపిక కాకముందు, మోకాలు దెబ్బతిన్న తర్వాత, ఆ కుటుంబాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. డబ్బున్న ఇంటి పిల్లలైతే తప్ప క్రీడలను వృత్తిగా ఎంచుకోమని సలహా ఇవ్వలేనని పుల్లెల గోపీచంద్ 2025లో అన్నప్పుడు చాలామంది నొచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ మాట స్ప్లిస్ చెప్పిన స్తంభాల్లో ఒకటి, క్రీడాకారులకు అందవలసిన ఆసరా, మన దగ్గర లేదని చెప్పే వాంగ్మూలంలా అనిపించింది.

అందుకే పిల్లలను చేర్పించే ముందు ఏ అకాడమీని ఏం అడగాలని తల్లిదండ్రులు నన్ను అడిగితే, గోడ మీద ఉన్న జూనియర్ పతకాల గురించి అడగవద్దని చెబుతున్నాను. పన్నెండేళ్ల వయసులో మీ దగ్గర చేరినవాళ్లలో పద్దెనిమిదేళ్లకు ఇంకా ఆడుతున్నవాళ్లు ఎంతమంది, మానేసినవాళ్లు ఎందుకు మానేశారు, ఇంటర్ చదివేవాళ్లకు సాధన సమయం ఎలా సర్దుతారు అని అడగమంటాను. ఇవే ప్రశ్నలను రాష్ట్ర క్రీడా శాఖలు నిధులు ఇచ్చేటప్పుడు అడిగితే, అకాడమీలు ఈ లెక్కలను రాసుకోవడం మొదలుపెడతాయి.