తడిలోనే వాడిపోయిన ఆర్కిడ్

"ఎన్ని నీళ్ళు పోసినా ఆకులు వాడిపోతూనే ఉన్నాయే, నాకేం తోచట్లేదు" అంటూ అక్క తన ఆర్కిడ్‌ని కుండీతో సహా నా చేతిలో పెట్టేసింది. ఫలెనాప్సిస్ రకం. ఆకులు మెత్తబడి, నిలువునా ముడతలు పడి వేలాడుతున్నాయి. పూలకాడ చివర రెండు పూలు మాత్రం ఇంకా బింకంగానే ఉన్నాయి. కుండీ ఎత్తి చూస్తే బరువుగా ఉంది, అడుగున ముక్కిపోయిన వాసన.

ఈ మొక్కతో వచ్చే చిక్కే ఇది. దాహమేసినా ఆకులు వాడతాయి, వేర్లు కుళ్ళినా అలాగే వాడతాయి. వేర్లు పోయాక కుండీ నిండా నీళ్ళున్నా పైకి లాక్కునే దిక్కుండదు కదా. చూసేవాళ్ళకేమో రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి, పాపం మళ్ళీ నీళ్ళే పోస్తారు. అందుకే ఆకును చూసి నేను ఏదీ తేల్చుకోను. బయటికి తీసి వేరు చూడాల్సిందే.

తీశాను. బెరడు ముక్కలు వేళ్ళ మధ్య నలిపితే పిండైపోయాయి. ఆర్కిడ్ నాటే బెరడు రెండేళ్ళకు అటూ ఇటూగా ఇలాగే చివికిపోతుంది, ముక్కల మధ్య గాలి ఆడే సందులు మూసుకుపోతాయి. అడవిలో ఈ మొక్క చెట్టు కొమ్మను పట్టుకుని బతుకుతుంది. వానకు తడవడం, గాలికి ఆరడం దాని వేర్లకు అలవాటు. వాటి చుట్టూ వెలమెన్ అని నీళ్ళు పీల్చే దళసరి పొర ఒకటి ఉంటుంది, తడిస్తే వేరు ఆకుపచ్చగా, ఆరితే వెండి రంగులో కనిపిస్తుంది. ఆరే అవకాశమే లేకపోతే ఊపిరాడక వేరు నీరసిస్తుంది. ఫైటాఫ్తోరా, పిథియం లాంటి కుళ్ళు తెచ్చే క్రిములు కాచుకుని ఉండేది ఆ అదను కోసమే.

కుళాయి కింద కడుగుతూ ఒక్కో వేరునూ నొక్కి చూశాను. గట్టిగా ఉంటే బతికున్నట్టే. రంగు చూసి మాత్రం మోసపోకూడదు, బెరడు మరక పట్టిన మంచి వేరు కూడా గోధుమ రంగులోనే ఉంటుంది. కుళ్ళినదాన్ని పట్టుకుని లాగితే పైపొర సాక్సులా జారి చేతిలోకి వచ్చేసింది, లోపలి సన్నటి పోగు ఒక్కటే మొక్కకు వేలాడుతూ మిగిలింది. అలాంటివే ఎక్కువ. అన్నీ కత్తిరించాక రెండంటే రెండు వేర్లు తేలాయి.

అక్కడితో అయిపోలేదు. కాండం అడుగున కోసి చూస్తే మధ్యలో గోధుమ రంగు మచ్చ. బ్లేడును స్పిరిటుతో తుడిచి ఇంకో పలచటి బిళ్ళ కోశాను, మచ్చ చిన్నదైంది. మళ్ళీ తుడిచి, మళ్ళీ కోశాను. లేత ఆకుపచ్చ తెలుపు తప్ప ఇంకేమీ కనపడనిదాకా వదల్లేదు. చేతులు వణికాయి, అది వేరే సంగతి. మచ్చ కాస్త మిగిలినా కుళ్ళు అక్కడి నుంచే పైకి పాకుతుంది.

మందుల దగ్గర ఎవరి నమ్మకం వాళ్ళది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుసా నురగ వస్తుంది, క్రిములన్నీ చచ్చాయని సంబరపడతారు. మొక్క కణాల్లోనే ఉండే క్యాటలేజ్ అనే ఎంజైమ్ తగిలినా అదే నురగ వస్తుంది. పైగా బతికున్న వేరును కూడా పెరాక్సైడ్ కాలుస్తుంది. నేను దాని జోలికి పోను. దాల్చినచెక్క పొడి వాడతాను, అదీ కోసిన చోట చిటికెడు మాత్రమే. మంచి వేర్ల మీద పడిందా, వాటినీ ఎండబెట్టేస్తుంది.

పూలకాడ దగ్గరే అక్కతో పేచీ వచ్చింది. "అదొక్కటీ ఉంచవే" అంది. "తాగడానికే నోరు లేదు, పూలనెక్కడ పోషిస్తుందక్కా" అని కోసి, సీసాలో నీళ్ళు పోసి అందులో పెట్టిచ్చాను. పూలు అందులోనూ బాగానే ఉన్నాయి.

మొవ్వు గట్టిగా ఉండబట్టే ఇంత తాపత్రయం. ఫలెనాప్సిస్‌కు ఎదిగే మొన అదొక్కటే. మొవ్వులో నీళ్ళు నిలిచి కుళ్ళి, నడిమి ఆకు లాగగానే ఊడొచ్చిందంటే ఆశ దాదాపు వదులుకోవడమే. అదృష్టం బాగుంటే మొదలు దగ్గర పిలక వస్తుంది. కొమ్మ మీదైతే ఈ మొక్క పక్కకు వాలి పెరుగుతుంది కాబట్టి వాన నీళ్ళు జారిపోతాయి. కుండీలో నిటారుగా నిలబెట్టేది మనమే.

కోతలు ఆరనిచ్చి, స్ఫాగ్నమ్ నాచును చుక్క రాలనంత గట్టిగా పిండి, చిల్లులున్న పారదర్శకపు కప్పులో వదులుగా సర్దాను. పైన ప్లాస్టిక్ కవరు వదులుగా కప్పాను, గాలిలో తేమ ఉంటే ఆకుల్లోంచి నీరు తక్కువ పోతుంది. వెలుతురు ఉండాలి, ఎండ తగలకూడదు. అప్పుడప్పుడూ కవరు తీసి గాలి ఆడనిచ్చాను. ఎరువు ఊసే ఎత్తలేదు. తీసి చూడాలని చేయి దురద పెడుతుంది కానీ, కదిపితే కొత్త వేరు మొన విరిగిపోతుంది. ఈ టెన్షన్ కన్నా కత్తిరింపులే నయం.

వారాలు గడిచాక రెండు ఆకుల మధ్య నుంచి, నాచుకు పైన, మెరిసే పచ్చటి మొన ఒకటి పొడుచుకొచ్చింది. అక్కకు ఫోటో పంపితే "ఇది పూలకాడేనా?" అని అడిగింది. వేరు మొన నున్నగా గుండ్రంగా ఉంటుంది, పూలకాడ మొన చదునుగా కాస్త వంకరగా ఉంటుందని చెప్పాను. పాత ఆకుల ముడతలు పూర్తిగా పోలేదు, పోతాయని అనుకోవట్లేదు కూడా. ఈ వేరు ఇంకాస్త సాగి, దానికి తోడు ఇంకొకటి వచ్చాక బెరడులోకి మారుస్తాను, ఈసారి పెద్ద ముక్కలు వేసి. అప్పటిదాకా మొక్క నా దగ్గరే ఉంటుందని అక్కకు ముందే చెప్పేశాను.