బీడులో గుంటనక్కల కాపురం

మార్చి, మంగళవారం

ఈ ఏడాది కూడా గుంటనక్క మా చేని పక్కనున్న బీడులోనే పిల్లల్ని పెట్టింది. పొద్దున పాల కేంద్రంలో క్యాను దించి వస్తుంటే కనబడ్డాయి. మూడు పిల్లలు. బొరియ ముందు పోసి ఉన్న మట్టి మీద ఒకదాని మీద ఒకటి పడి కొట్లాడుకుంటున్నాయి. తల్లి కాస్త ఎడంగా గడ్డి దుబ్బు పక్కన పడుకుని ఉంది, చెవులు మాత్రం నిక్కబొడుచుకుని. స్కూటీ అక్కడ ఆపలేదు. పోయే బండిని అవి పట్టించుకోవు. ఆగిన బండిని చూస్తే తల్లి ఒక్క అరుపు అరుస్తుంది, పిల్లలన్నీ లోపలికి దూరిపోతాయి. అందుకే మలుపు దాటాక వేపచెట్టు కింద బండి పెట్టి, గట్టు చాటున కూర్చుని చూశాను.

కాసేపటికి మగది వచ్చింది, నోట్లో ఎలుకతో. పిల్లలు ఎగబడ్డాయి. ఈ జాతిలో ఆడా మగా జంటగా ఉంటాయి, పిల్లల్ని సాకడంలో మగదానికీ వంతు ఉంటుంది. డిసెంబరు, జనవరిలో జతకట్టి, 50 రోజులు కాస్త అటూ ఇటూగా మోసి, ఎండలు ముదరక ముందే ఈనతాయి. వానలు పడి పురుగూ పుట్రా లేచే నాటికి పిల్లలు సొంతంగా తిండి వెతుక్కుంటాయి. నా టెన్షన్ అంతా ఈ మధ్యలో గడవాల్సిన వేసవి గురించే.

గుంటనక్కను దగ్గర నుంచి చూసినవాళ్ళు తక్కువ. చీకటి పడ్డాక గుంపుగా ఊళ వేసే నక్క వేరు, ఇది వేరు. నక్క ఎనిమిది పది కిలోల జంతువు. ఇది రెండు నుంచి నాలుగు కిలోలే, పిల్లి కంటే కాస్త పెద్దది అంతే. బూడిదరంగు ఒళ్ళు, సన్నటి కాళ్ళు, మొహానికి మించిన చెవులు, ఒంట్లో సగానికి పైగా పొడవుండే తోక, తోక చివర నల్లటి కుచ్చు. భారత ఉపఖండంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. దట్టమైన అడవిలో బతకదు, నిటారు కొండల్లో బతకదు. చదునైన నేల, పొట్టి గడ్డి, తవ్వడానికి లొంగే మట్టి, ఇవి కావాలి దానికి. అంటే మనం ఎందుకూ పనికిరాదని వదిలేసిన బీడే దానికి కావాల్సింది.

మాది నంద్యాల జిల్లా మిడ్తూరు మండలం. రోళ్ళపాడు అభయారణ్యం మా చేలకు దూరం కాదు. పేరు విని పెద్ద అడవి ఉంటుందనుకుని వచ్చినవాళ్ళు అటూ ఇటూ చూసి నిరాశ పడతారు. ఉన్నది 614 హెక్టార్ల గడ్డి నేల, దాని చుట్టూ మా చేలు, బీళ్ళు. 1988లో బట్టమేక పిట్ట కోసం దీన్ని అభయారణ్యం చేశారు. మా మామ వయసులో ఉన్న రోజుల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు ఇక్కడే మకాం పెట్టి ఆ పిట్ట మీద పరిశోధన చేశారు. మామ వాళ్ళకు దారి చూపిస్తూ తిరిగేవాడు. పదిహేను కిలోల దాకా తూగే పక్షి, గొంతు కింద సంచి ఉబ్బించి మూలిగితే చాలా దూరం వినబడేదని ఇప్పటికీ చెబుతాడు, చెప్పినప్పుడల్లా మెడ పైకెత్తి చూపిస్తాడు. అది ఏడాదికి ఒక్క గుడ్డు, అదీ నేల మీద పెట్టేది. కుక్క చూసినా ఉడుము చూసినా ఆ ఏటికి పోయినట్టే. ఇప్పుడు బట్టమేక మా దగ్గర లేదు. మా పాప దాన్ని బొమ్మలోనే చూసింది.

ఆ పరిశోధకులు గుంటనక్కల్ని కూడా వదల్లేదు. రంజిత్ మనకడన్, అసద్ రహ్మానీ కలిసి రోళ్ళపాడు గుంటనక్కల మీదే రాసిన వ్యాసం 2000లో ఆ సొసైటీ పత్రికలో వచ్చింది. మా బీళ్ళలో తిరిగే జంతువు గురించి చదువుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి కూర్చుని రాశారని తెలిసినప్పటి నుంచి నాకు వీటి మీద చూపు మారింది. అంతకు ముందు కనబడితే కనబడ్డాయి, లేకపోతే లేదు.

పది గంటలకు ఇల్లు చేరాను. అత్త గడపలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

"మళ్ళీ ఆ నక్కల కాడికేనామ్మా? కోళ్ళు పోతే నన్ను అడగొద్దు" అంది.

అత్త భయం ఊరికే కాదు, కిందటి నెల కోడి పోయింది. కానీ పట్టింది గుంటనక్క కాదని నా నమ్మకం. గోడ దూకి వచ్చేది అడవిపిల్లి. గుంటనక్క ఏం తింటుందో దాని పెంట చూస్తే తెలిసిపోతుంది. రేగి గింజలు, పేడపురుగుల రెక్కలు, ఎలుక వెంట్రుకలు, అప్పుడప్పుడు తొండ పొలుసులు. తొలకరిలో ఉసిళ్ళు లేచినప్పుడు వాటి చుట్టూ తిరిగి ఏరుకుని తినడం నా కళ్ళతో చూశాను. శనగ కోతలైన చేలో గట్ల వెంట ఎలుక బొక్కలు తవ్వి పెట్టేది ఇదే. అందుకే మేము ఎలుకల మందు పెట్టడం మానేశాం. ఇదంతా అత్తకు చెప్పాను. "నీ ఇష్టం" అంది కానీ, కోళ్ళ గూటికి ఇంకో పలక కొట్టించమంది. అది న్యాయమైన మాట. సాయంత్రం కొట్టించాం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బీడు ఆసామి దగ్గరికి పోయాను. వరసకు ఆయనా నాకు మామే. ట్రాక్టరు మాట్లాడాడని పాల కేంద్రంలో ఎవరో అన్నారు. నిజమే. ఉగాది దాటగానే దున్నించి, మొక్కజొన్న వేసేవాళ్ళకు కౌలుకు ఇస్తాడట. బోరు వేసుకుంటామన్నారట వాళ్ళు.

"మామా, ఎట్లాగూ వాన పడేదాకా విత్తనం వేయరు కదా. జూన్ దాకా ఆగరాదా? పిల్లలున్నాయి అందులో."

"ట్రాక్టరోడు ఇప్పుడైతే ఖాళీగా ఉన్నాడమ్మా. జూన్‌లో నా కోసం వస్తాడా వాడు? ఇన్నేళ్ళు బీడుగా పెట్టుకున్నా, నాకేం వచ్చింది చెప్పు."

ఏం చెప్పాలి? ఆయన కొడుకు కర్నూలులో చదువుతున్నాడు, ఫీజులు కట్టాలి. ఆ నేల ఆయనది. గుంటనక్కకు 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉందని నాకు తెలుసు, కానీ ఆ మాట ఆయన ముందు ఎత్తలేదు. ఎత్తితే వచ్చే ఏడాది బొరియలు కనబడిన రోజే ఎవరికీ చెప్పకుండా పూడ్చేస్తారు. అందుకని ఇంకో మాట అడిగాను. బొరియలున్న దిబ్బ మొత్తం కలిపి పది పన్నెండు సెంట్లు ఉంటుంది, రాళ్ళ నేల, నాగలి కూడా సరిగ్గా దిగదు. అంతవరకు వదిలి చుట్టూ దున్నమన్నాను. ఒక్క బొరియ కాదు, వాటికి లోపల కలిసే దారులు చాలా ఉంటాయి, ఒక చోట కదిపినా తల్లి పిల్లల్ని ఇంకో చోటికి మోసుకుపోతుంది, ఆ మోసుకుపోవడంలోనే ప్రమాదం. ఆయన చాలాసేపు ఆలోచించి, "ట్రాక్టరు వచ్చిన రోజు నువ్వే వచ్చి నిలబడి చూపియ్యి. నాకు ఆ గుంతలన్నీ యాడుండాయో తెల్దు" అన్నాడు. ఒప్పుకున్నట్టే అనుకుంటున్నా.

దిబ్బ మిగిలినా చుట్టూ బీడు పోతుంది. ఇది ఒక్క ఆసామి సంగతి కాదు. కాలువ నీళ్ళు, బోర్లు వచ్చాక మా వైపు జొన్న, కొర్ర తగ్గి మొక్కజొన్న, పొగాకు పెరిగాయి. ఓర్వకల్లు వైపు పోతే గని, శకునాల దగ్గర దాదాపు ఆరు వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు. కరెంటు కావాలి, అది కాదనను, మా మోటరు కూడా కరెంటుతోనే తిరుగుతుంది. నా బాధ వేరే. కాగితాల్లో ఇలాంటి నేలకు బంజరు అని రాస్తారు. చెట్లు లేవు కాబట్టి అక్కడ ఏమీ లేదని లెక్క. చలికాలంలో వేల మైళ్ళు దాటి వచ్చి, రాత్రిళ్ళు ఈ గడ్డిలోనే వందల కొద్దీ గుంపుగా పడుకునే గద్దలు, తీతువులు, పూరేడు పిట్టలు, తోడేళ్ళు, కృష్ణజింకలు, గుంటనక్కలు, ఇవన్నీ ఉన్న నేల ఖాళీ నేల ఎలా అవుతుంది? అడవి నరికితే పేపర్లో వస్తుంది. బీడు దున్నితే బాగుపడ్డాడంటారు.

కృష్ణజింకల పేరెత్తితే మా ఊళ్ళో గొడవే. వాటి సంఖ్య పెరిగింది, రాత్రికి రాత్రి పచ్చటి చేను మేసిపోతాయి. మా బావ పెసర చేని చుట్టూ పాత చీరలు కట్టి, రాత్రిళ్ళు టార్చిలైటు పట్టుకుని కావలి కాస్తున్నాడు. నిద్ర లేని మనిషికి జింకలు అందంగా ఉంటాయని చెప్పలేను, చెప్పకూడదు కూడా. కలిసి బతకడమంటే బావ నిద్ర కూడా లెక్కలోకి రావాలి. నాకు నిజంగా భయం వేసేది అడవిపందుల కోసం కొందరు చేల చుట్టూ గుట్టుగా కరెంటు తీగ లాగడం. దానికి పంది ఏది, గుంటనక్క ఏది, తెల్లవారుజామున చెంబు పట్టుకుని పోయే మనిషి ఎవరు అని తెలియదు.

నాలుగింటికి పాప బడి నుంచి వచ్చింది. ఫోన్ ఇస్తే పిల్లల వీడియో తీస్తానంది. నేను కూర్చున్న గట్టు దాకా తీసుకుపోయి, అక్కడి నుంచే చూడమన్నాను. ఫోన్‌లో చుక్కల్లా వచ్చాయని దిగాలు పడింది. కాసేపయ్యాక ఫోన్ పక్కన పెట్టి చూడడం మొదలుపెట్టింది, ఒక పిల్ల తల్లి తోక కుచ్చు పట్టుకుని లాగుతుంటే నోరు మూసుకుని నవ్వింది. నిరుడు కుర్రాళ్ళు బైకుల మీద బొరియ దగ్గరికే పోయి రీల్స్ తీశారు. రెండు రోజుల్లో అవి అక్కడి నుంచి వెళ్ళిపోయాయి. అందుకే ఇది చదివేవాళ్ళకు కూడా బీడు ఎక్కడో చెప్పడం లేదు. చూడాలనుంటే దూరం నుంచి చూడండి. బ్రెడ్డు ముక్కలు, కోడి పేగులు వేయకండి. మనిషి దగ్గర తిండి దొరుకుతుందని అలవాటైతే అది ఊళ్ళోకి వస్తుంది, ఊళ్ళో కుక్కలున్నాయి.

అన్నిటికంటే పెద్ద బెడద ఆ కుక్కలే. పోయినేడు ఒక గుంటనక్క పిల్లను చంపింది అవే. పట్టి చంపడం ఒక్కటే కాదు, కుక్కల నుంచి వీటికి రేబిస్, డిస్టెంపర్ అనే ప్రాణాంతక జబ్బులు సోకుతాయి. మహారాష్ట్రలో షోలాపూర్ దగ్గర నాన్నజ్ గడ్డి నేలలో అబి వనక్ అనే శాస్త్రవేత్త గుంటనక్కల మీద చేసిన పరిశోధన గురించి చదివాను. దగ్గర్లో కుక్క ఉంటే చాలు, కరవకపోయినా సరే, గుంటనక్క కడుపు నిండా తినదట. ఉన్న కాస్త సమయం తల ఎత్తి చూడడానికే సరిపోతుంది. పిల్లల తల్లి అలా తినకపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా.

మరి బీడు వైపు కుక్కలు ఎందుకు పోతున్నాయి? ఊరి చివర చికెన్ కొట్టు వాళ్ళు తోలు, పేగులు సంచుల్లో తెచ్చి బీడు అంచున పారేస్తున్నారు. చచ్చిన దూడల్ని కూడా అక్కడే లాగి పడేస్తారు. చీకటి పడేలోపు నేనూ మా ఆయనా కొట్టు దగ్గరికి పోయి మాట్లాడాం. కొట్టు అబ్బాయి మంచివాడే, "గుంత తవ్విస్తే అందులోనే వేస్తా అక్కా, రోజూ మట్టి కప్పడం కూడా నా పూచీ" అన్నాడు. గుంత తవ్వించే ఖర్చు సగం మేము పెడతామన్నాం, మిగతా సగం పంచాయతీలో అడగాలి. పశువుల ఆసుపత్రిలో జూలై 6న కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు, కానీ అప్పటికి ఈ పిల్లలు పెద్దవైపోతాయి. ముందే ఒక రోజు మా ఊరికి వస్తారేమో కనుక్కోవాలి. గొర్రెల కాపర్లతో మా ఇంట్లో మామ మాట్లాడతానన్నాడు, వాళ్ళ కుక్కలు ఆయన మాట అయితే టీకాకు వస్తాయి. ట్రాక్టరు రావడానికి ఇంకా వారం పైనే ఉంది. ఈలోపు దిబ్బ చుట్టూ సున్నంతో గీత గీసి, మూలల్లో నాలుగు రాళ్ళు పాతాలి. పిల్లలు లోపల నిద్రపోయే మిట్టమధ్యాహ్నం పూట పోతే వాటికి ఇబ్బంది ఉండదు.