61కీ 70కీ మధ్య గోడ: బైనరీ నేర్చుకున్న నా అనుభవం

సీసీఎన్ఏ అనే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్ష రాద్దామనుకున్నప్పుడు, అప్పటికే రాసిన ఒంగోలు స్నేహితులు ముందుగా చెప్పిన సంగతి ఒకటే: హాల్లో కాలిక్యులేటర్ ఉండదు. అప్పటిదాకా ఐపీ అడ్రస్‌ను (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఇచ్చే, చుక్కలతో విడదీసిన నాలుగు భాగాల చిరునామా) బైనరీలోకి, అంటే 0, 1లతోనే రాసే లెక్కలోకి, మార్చాలంటే ఫోన్లో కొట్టి చూసుకునేవాణ్ణి. జవాబు వచ్చేది గానీ అది ఎట్టా వచ్చిందో పట్టించుకోలేదు. పగలంతా చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పని. కంప్యూటర్లు, కెమెరాలు, కాటా దగ్గరి సిస్టమ్ అన్నీ నేనే చూసుకోవాలి. కాబట్టి చదువు కర్నూలు రోడ్డు బస్సులో, మిగిలింది రాత్రి ఇంట్లో.

పుస్తకాల్లో ముందు కనిపించేది భాగహార పద్ధతి. 168ని 2తో భాగిస్తూ పోయి, శేషాలను కింద నుంచి పైకి చదవాలి. పద్ధతి సరైనదే. కానీ బస్సు కుదుపుల్లో నిలువుగా అన్ని లెక్కలు వేయడం నా వల్ల కాలేదు. పైగా 10 లాంటి చిన్న అంకెకు 1010 రాగానే లెక్క ఆగిపోతుంది. ఐపీ అడ్రస్‌లో ప్రతి భాగానికీ 8 బిట్లు (0 లేదా 1 ఉండే స్థానాలు) ఉండి తీరాలి, అంటే ముందు నాలుగు సున్నాలు చేర్చి 00001010 అని రాసుకోవాలి. ఈ సున్నాలు మరిచిపోతే తర్వాత చేసే లెక్క మొత్తం పక్కకు జరిగిపోతుంది.

నాకు కుదిరింది రెండో పద్ధతి. నోటుబుక్కు పేజీ పైన 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని వరసగా రాసుకుని, ఎడమ నుంచి తీసేసుకుంటూ పోవడమే. 168లో 128 పోతుంది, ఒకటి వేశా, మిగిలింది 40. అందులో 64 పోదు, సున్నా. 32 పోతుంది, మిగిలింది 8. 16 పోదు. 8 పోతుంది, ఇక మిగిలిందేమీ లేదు, చివరి మూడూ సున్నాలే. 10101000 వచ్చింది. వెనక్కి మార్చడం ఇంకా తేలిక, ఒకట్లున్న చోట పైనున్న అంకెలు కూడితే చాలు: 128, 32, 8 కలిపితే 168. ఎనిమిదీ ఒకట్లయితే 255, అందుకే ఏ భాగమూ 255 దాటదు.

ఎనిమిది స్థానాలకు 256 రకాలే ఎందుకో మాత్రం నాకు స్కూల్లో చదివిన ఛందస్సు వల్ల వెలిగింది. యమాతారాజభానసలగం అని అందరం బట్టీ పట్టినవాళ్ళమే కదా. గురువు, లఘువు అని ఉన్నవి రెండే, మూడక్షరాల గణాలు ఎనిమిదే. నాలుగు అక్షరాలైతే పదహారు, ఒక్కో అక్షరం పెరిగేకొద్దీ రెట్టింపు, ఎనిమిదికి 256. పాతకాలపు ఛందశ్శాస్త్రకారుడు పింగళుడి ప్రస్తారం కూడా ఈ కూర్పులను వరసగా రాయడమే. మా తెలుగు మాస్టారు ఉదాహరణలన్నీ ఎర్రన పద్యాల నుంచే తీసేవారు, ఆ పాఠం నెట్‌వర్కింగ్‌లో పనికొస్తుందని ఆయన కూడా అనుకుని ఉండరు.

మార్చడం వచ్చాక, బట్టీ కొట్టిన విషయాలకు కారణాలు దొరకడం మొదలైంది. సొంత నెట్‌వర్క్‌ల కోసం మూడు వరసలు పక్కన పెట్టారు: 10తో మొదలయ్యేవి, 192.168తో మొదలయ్యేవి, మధ్యలో 172.16 నుంచి 172.31 దాకా. ఈ మధ్యది నన్ను చాలాకాలం విసిగించింది. 16 నుంచి 31 అనేది ఏం లెక్క? 30తో ఆపొచ్చు, 40 దాకా ఇవ్వొచ్చు. బైనరీలో రాసి చూస్తే 16 అంటే 00010000, 31 అంటే 00011111. మొదటి నాలుగు బిట్లూ కదల్లేదు, చివరి నాలుగే సున్నాల నుంచి ఒకట్లకు వెళ్ళాయి. 172కి 8 బిట్లు, ఈ కదలని 4 కలిపి 12. ఈ వరసను స్లాష్ 12 (/12) అని రాసేది అందుకే.

పరీక్ష కన్నా ముందే ఇది యూనిట్‌లో అక్కరకొచ్చింది. కెమెరాలు బిగించినవాళ్ళు మా 192.168.10 నెట్‌వర్క్‌ను 255.255.255.192 మాస్క్‌తో (అడ్రస్‌లో ఎంతవరకు నెట్‌వర్క్ భాగమో చెప్పేది మాస్క్) విడగొట్టి, ఆఫీసుకు 1 నుంచి 62, కెమెరాలకు 65 నుంచి 126 ఇచ్చి వెళ్ళారు. తర్వాత కొత్త ప్రింటర్ వచ్చింది. బిగించిన అబ్బాయి 70 ఖాళీగా ఉందని దానికి 70 ఇచ్చాడు. ప్రింటర్లోంచి టెస్ట్ పేజీ శుభ్రంగా వస్తోంది, కాటా కంప్యూటర్ నుంచి మాత్రం చీటీ రాదు. అవతలి పరికరం పలుకుతుందో లేదో చూసే పింగ్ కొడితే, జవాబు రాలేదని రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్. బయట బ్లాకులేసుకున్న లారీలు ఆగున్నాయి, డ్రైవర్లు వచ్చి అద్దంలోంచి తొంగి చూస్తున్నారు.

కాటా దగ్గరుండే తమ్ముడు స్క్రీన్ చూపించి, “అన్నా, దీనిది 61, దానిది 70. పక్కపక్కనే ఉండాయి కదా, ఎందుకు పోదు?” అన్నాడు.

చీటీ వెనకాల రాసి చూపించా. 61 అంటే 00111101. 70 అంటే 01000110. మాస్క్ చివరి భాగం 192, అంటే 11000000. మాస్క్‌లో ఒకట్లున్న మేరకే కంప్యూటర్ తన అడ్రస్‌నూ అవతలి అడ్రస్‌నూ పోల్చుకుంటుంది. సరిపోతే నేరుగా పంపుతుంది, లేకపోతే వేరే నెట్‌వర్క్‌కు దారి చూపే గేట్‌వేకి అప్పజెబుతుంది; మా దగ్గర అక్కడి నుంచి చీటీ దాటలేదు. ఇక్కడ మొదటి రెండు బిట్లు ఒకదానికి 00, రెండోదానికి 01. గోడ 64 దగ్గరుంది. అందుకే 1కీ 61కీ మధ్య ఏ అడ్డూ లేదు, 61కీ 70కీ మధ్య ఉంది.

“అట్టయితే 50 ఇస్తే?” అన్నాడు. 50 అంటే 00110010, మొదట 00, ఆఫీసు వైపే. ప్రింటర్‌కు 50 ఇచ్చాం, చీటీలు వచ్చాయి.

మాస్క్‌ల సంగతికి వస్తే, అక్కడ ఒకట్లన్నీ ఎడమ పక్కన గుంపుగానే ఉండాలి, మధ్యలో సున్నా దూరకూడదు. అందుకే మాస్క్‌లో వచ్చే అంకెలు 0, 128, 192, 224, 240, 248, 252, 254, 255 ఇంతే. ఎవరైనా 255.255.255.200 అని రాసిస్తే లెక్క వేయకుండానే పక్కన పెట్టేయొచ్చు. 200 బైనరీలో 11001000, ఒకట్లు తెగిపోయాయి. ఈ తొమ్మిదీ కంఠతా వస్తే పరీక్షలో సగం టైమ్ మిగులుతుంది. మిగతావి బట్టీ పట్టొద్దని నా సలహా, పైన చెప్పిన ఎనిమిది అంకెల వరసే చాలు.

ఆ ప్రింటర్‌తోనే ఇంకో తమాషా జరిగింది. దాని చిన్న తెరమీద అడ్రస్ 192.168.010.050 అని మూడేసి అంకెలతో కనిపిస్తుంది. తమ్ముడు అది చూసి ఉన్నదున్నట్టు పింగ్ కొట్టాడు. విండోస్ 192.168.8.40ని వెతకడం మొదలుపెట్టింది. డెసిమల్‌లో ముందు సున్నా పెడితే అది ఆక్టల్ అనుకుంటుంది, అంటే ఎనిమిదుల లెక్క. 010 అంటే ఒక ఎనిమిది, 050 అంటే ఐదెనిమిదుల నలభై. బైనరీలో తప్పనిసరి అని ఇన్నాళ్ళూ చేర్చుకుంటూ వచ్చిన సున్నాలు ఇక్కడ కొంప ముంచాయి. కాటా గదిలో అంటించిన అడ్రస్‌ల కాగితం మీద ఇప్పుడు 50 అనే ఉంది, పక్కనే తమ్ముడి దస్తూరీలో “సున్నా వేయొద్దు” అని.