నది మీద డే టికెట్: ఎక్కడ కొనాలి, ఏం చూసి కొనాలి

ఇంగ్లండ్‌లో గాలం పట్టిన మనవాళ్ళలో చాలామంది కమర్షియల్ లేక్‌తో (చేపలు నింపి డబ్బులకి పట్టనిచ్చే చెరువు) మొదలెట్టి అక్కడే ఆగిపోతారు. తప్పని అనట్లేదు, కారు దిగితే పెగ్గు (గాలం వేసే చోటు), పక్కనే టాయిలెట్, కాఫీ, నీళ్ళనిండా ఆకలి మీదున్న కార్ప్, పిల్లల్ని తీసుకెళ్ళడానికి అంతకంటే సుఖం లేదు. నాకైతే ఆ చెరువుల మీద గంట దాటితే ఆవలింతలొస్తాయి, గోదావరి కాలవల పక్కన పెరిగినవాణ్ణి, కదిలే నీళ్ళు కావాలి. అయితే నది అనేసరికి ఎక్కడ నిలబడాలి, ఎవరికి డబ్బులు కట్టాలి, కట్టినా ఆ ముక్కలో చేపలుంటాయా అని సవాలక్ష డౌట్లు. ఈ మధ్య నన్ను ఇదే అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. నేనుండేది నాటింగ్‌హామ్‌లో, అందుకే ట్రెంట్ నది కబుర్లే ఎక్కువుంటాయి, ఏమనుకోకండి.

ముందు రూల్స్ చెప్పేస్తా. సముద్రపు పోటుపాటు లేని నదిలో చేపల హక్కు ఒడ్డు భూమి ఎవరిదో వాళ్ళది, మామూలుగా నది మధ్య గీత వరకు. ఆ హక్కుని రైతు దగ్గర అద్దెకి తీసుకునేది లోకల్ యాంగ్లింగ్ క్లబ్బు, ఆ క్లబ్బు బయటవాళ్ళకి ఒక్కరోజుకి అమ్మేదే డే టికెట్. ఒకే నది మీద మైలు నడిస్తే ముగ్గురు ఓనర్లు మారొచ్చు, ఎదురు గట్టు ఇంకో క్లబ్బుది కావొచ్చు. టికెట్‌తో పాటు ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ రాడ్ లైసెన్స్ వేరే ఉండాలి, 13 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ, 13 నుంచి 16 వాళ్ళకి ఉచితమే గానీ తీసుకోవడం మాత్రం తప్పదు. లైసెన్స్ లేకుండా దొరికితే ఫైన్ 2,500 పౌండ్ల దాకా వెయ్యొచ్చు. ఒకటుంటే ఇంకోటి అక్కర్లేదనుకునేవాళ్ళు మనలో బోల్డుమంది, రెండూ కావాలి. స్కాట్లాండ్ రూల్స్ వేరు, దాని జోలికి ఇప్పుడు పోను.

ఇంకోటి, మార్చి 15 నుంచి జూన్ 15 దాకా నదుల మీద కోర్స్ ఫిషింగ్ బంద్. సాల్మన్, ట్రౌట్ జాతి కాకుండా బార్బెల్ (మీసాలున్న బలమైన నది చేప), చబ్, రోచ్, డేస్, బ్రీమ్, పెర్చ్, పైక్ లాంటివన్నీ కోర్స్ కిందకే వస్తాయి, అవి గుడ్లు పెట్టుకునే టైమ్ అని ఆ మూడు నెలలు వదిలేస్తారు. నన్నడిగితే మంచి స్ట్రెచ్ (గాలం వేసే నది ముక్క) వెతకడానికి అసలైన సీజన్ అదే, గాలం ఇంట్లో పెట్టి కాళ్ళకి పని చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో వానలు తక్కువైతే నీళ్ళు తేటగా కిందకి దిగుతాయి, గట్టున రెల్లు, ముళ్ళచెట్లు ఇంకా ఏపుగా పెరిగుండవు, పోలరైజ్డ్ కళ్ళజోడు పెట్టుకుని బ్రిడ్జి మీద నించుంటే అడుగు కనపడుతుంది. మే నెలాఖరుకి బార్బెల్ గులకరాళ్ళ మీదకి, మోకాలి లోతు నీళ్ళలోకి గుంపుగా వచ్చి దొర్లుతుంటాయి. అప్పుడు వాటిని చూసి మురిసిపోయి ఊరుకోవడమే, దగ్గరకెళ్ళి కెలక్కండి. జూన్ 16న అవి అక్కడే ఉంటాయని రూలేం లేదు గానీ, ఆ గులక పరుపుకి దిగువన మొదటి లోతు మడుగు ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటే ఆగస్టులో పనికొస్తుంది.

సరే, టికెట్లు ఎక్కడ దొరుకుతాయి? గూగుల్‌లో కొడితే పైకొచ్చేవన్నీ బాగా పేరున్నవి. హాంప్‌షైర్ ఏవన్ మీద క్రైస్ట్‌చర్చ్ దగ్గర రాయల్టీ ఫిషరీ, డార్సెట్ స్టౌర్ మీద త్రూప్, ఇలాంటివి. చరిత్ర ఉన్న జాగాలే, ఒకసారి చూడాల్సినవే, కానీ పేరున్న చోట రోజూ పదిమంది ఒకే గుంటలో అవే పెల్లెట్లు (చేపల మేత గోళీలు) పోస్తుంటారు, అక్కడి చేపలు మనకంటే ముదుర్లు. కొత్తవాడు మొదటి టికెట్‌గా అవి కొనుక్కుని ఖాళీ చేతుల్తో వచ్చి నదులంటేనే విరక్తి తెచ్చుకోవడం కంటే, ఊరి క్లబ్బుల చిన్న టికెట్లు మేలు, ఎక్కువభాగం ఐదు నుంచి పదిహేను పౌండ్ల లోపే ఉంటాయి. తిప్పలేంటంటే ఆ క్లబ్బుల వెబ్‌సైట్లు పదేళ్ళ కిందటివి, కొన్నిటికి అసలు లేవు. వాటి సమాచారమంతా టాకిల్ షాపులో (గాలం సామాన్ల కొట్టు) కౌంటర్ వెనకున్న మనిషి బుర్రలో ఉంటది.

టాకిల్ షాపుకెళ్ళి "చేపలు ఎక్కడ పడుతున్నాయి" అని అడక్కండి, ఆ ప్రశ్నకి అందరికీ ఒకటే జవాబు చెప్తారు. ముందు ఒక పైంట్ మాగట్స్ కొనండి (అవును, ఆ పురుగుల్ని ఇక్కడ పైంట్ల లెక్కన అమ్ముతారు, ఫ్రిజ్‌లో పెడితే మా ఆవిడ ఇంట్లోంచి గెంటేస్తానంది, గరాజ్‌లో పెడుతున్నా). కొన్నాక సూటిగా అడగండి: కారు దగ్గర్నుంచి ఎంత నడవాలి, చీకటిపడ్డాక ఉండనిస్తారా, టికెట్ ఇక్కడే ఇస్తారా లేక గట్టు మీద వసూలు చేస్తారా, ఆవులుంటాయా. నేనెళ్ళే షాపులో పెద్దాయన ఇలాంటివి అడిగితే పెన్సిల్ తీసి రసీదు వెనక నది వంపు గీస్తాడు, "ఈ గేటు కాదు, రెండో గేటు, అక్కడ విరిగిన విల్లో చెట్టుంటది, దాని పైనుంచి ఫీడర్ వెయ్యి, కిందనుంచి వేస్తే తెగుద్ది" అని (ఫీడర్ అంటే మేత నింపి లైన్‌కి కట్టి వేసే చిన్న బుట్ట). ఆ రసీదు ముక్కలో ఉన్నది ఏ యాప్‌లోనూ ఉండదు.

యాప్‌లు పనికిరావని కాదు. వై, అస్క్ నదుల వైపెళ్తే వై అండ్ అస్క్ ఫౌండేషన్ వాళ్ళ ఫిషింగ్ పాస్‌పోర్ట్ అని ఉంది, ఆన్‌లైన్లో ఒక్కో బీట్‌కీ (నది ముక్కకీ) వివరాలు, ఎంతమందికి అనుమతి, ఎక్కడ కార్ పెట్టాలి అన్నీ రాసుంటాయి, బుక్ చేసుకుని వెళ్ళిపోవడమే. వై నది హెరెఫర్డ్ చుట్టుపక్కల బార్బెల్‌కీ చబ్‌కీ మంచి పేరు, కానీ ఈ మధ్య ఎండాకాలం నీళ్ళు పచ్చబడుతున్నాయి, కోళ్ళ ఫారాల ఎరువులోంచి వచ్చే ఫాస్ఫేట్ మీద అక్కడ పెద్ద గొడవే నడుస్తోంది, వెళ్ళేముందు ఆ వారం నీళ్ళెలా ఉన్నాయో కనుక్కోండి. సెవర్న్ అయితే బ్రిడ్జ్‌నార్త్, బ్యూడ్లీ వైపు చూడండి. ఆ నదిలో బార్బెల్ మొదట్నుంచీ లేవు తెలుసా, 1956లో కెనెట్ నుంచి తెచ్చి వదిలిన సంతానమే ఇప్పుడున్నవన్నీ, ఎంత బాగా అచ్చొచ్చిందో. కెనెట్, థేమ్స్ వైపు, అంటే రీడింగ్ చుట్టూ ఉండేవాళ్ళకి ఒక హెచ్చరిక, సిగ్నల్ క్రేఫిష్ అని అమెరికా నుంచొచ్చిన ఎర్ర గోళ్ళున్న రొయ్యలాంటి జీవులు ఎరని నిమిషాల్లో కొరికి తినేస్తాయి, మెత్తటి ఎర అక్కడ దండగ.

ఇక మా ట్రెంట్. ట్రెంట్ బ్రిడ్జ్ గ్రౌండ్ క్రికెట్ చూసే ప్రతి తెలుగువాడికీ తెలుసు కదా, ఆ గ్రౌండుకి ఎదురొడ్డున విక్టోరియా ఎంబ్యాంక్‌మెంట్ ఉంది, పొడుగ్గా రాతి మెట్లు, అచ్చం మన రేవు మెట్లే. అక్కడ డే టికెట్ కూడా అక్కర్లేదు, లైసెన్స్ చాలు, బోర్డు మీద రాసింది మాత్రం చదువుకోండి. రోచ్, చిన్న పెర్చ్, అప్పుడప్పుడు బ్రీమ్, బెండు మీద సరదాగా గడిచిపోద్ది, నది మీద ఎలా వెయ్యాలో చేతికి అలవాటు చేసుకోవడానికి బెస్ట్. పెద్ద బార్బెల్ కావాలంటే కిందికి, న్యూఆర్క్ దాటి వెళ్ళాలి. క్రామ్‌వెల్ వియర్ (నదికి అడ్డంగా కట్టిన ఆనకట్ట) దగ్గర్నుంచి పోటుపాటు మొదలవుతుంది, దాని కింద కాలింగ్‌హామ్ దగ్గర క్లబ్బు డే టికెట్ ఇస్తుంది, బార్బెల్ మనుషులకి అదో పుణ్యక్షేత్రం. అక్కడ నీళ్ళు పొద్దున్న ఉన్నట్టు మధ్యాహ్నం ఉండవు. పాటులో తేలిన ఇసుక అంచు మీద కుర్చీ వేసి కునుకు తీస్తే పోటొచ్చేసరికి చెప్పులు తేల్తుంటాయి, పోటు టైమ్ టేబుల్ ముందే చూసుకోండి. ఒక మాట, సముద్రపు పోటు తగిలే నీళ్ళలో చేపలు పట్టే హక్కు జనానికి ఉందని చట్టం, అది నిజమే. కానీ నీళ్ళలో హక్కు వేరు, ఒడ్డు మీద నిలబడే హక్కు వేరు, ఆ పొలం ఇంకొకరిది, అందుకే అక్కడా టికెట్ కొనాల్సిందే.

ఏ స్ట్రెచ్ అయినా డబ్బులు కట్టేముందు రెండు చూస్తా. మొదటిది నీటి మట్టం, ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ సైట్‌లో ప్రతి గేజ్‌కీ (మట్టం కొలిచే చోటుకీ) గ్రాఫ్ ఉంటుంది, నాకు దగ్గర్లోది కోల్విక్. అక్కడున్న అంకె కంటే గీత పైకెళ్తోందా దిగుతోందా అన్నది ముఖ్యం. మా ఊళ్ళో చుక్క వాన పడకపోయినా పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో గట్టిగా కురిస్తే ఆ నీళ్ళు డవ్, డెర్వెంట్ నదుల మీదుగా ట్రెంట్‌లోకి దిగి తర్వాత్రోజు మన కాళ్ళ దగ్గర చెత్త, కొమ్మలు కొట్టుకొస్తాయి. ఎక్కుతున్న ఎర్రనీళ్ళలో టికెట్ కొంటే లైన్‌కి ఆకులు చుట్టుకోవడం తప్ప ఏం ఉండదు. అదే వరద తీసి, గీత కిందకి తిరిగి, నీళ్ళు పాలెక్కువైన టీ రంగుకొచ్చాయా, ఆఫీస్‌లో ఏదో ఒకటి చెప్పి సాయంత్రానికల్లా వెళ్ళిపోవాలి. చలికాలం నీళ్ళు బాగా చల్లబడితే బార్బెల్ నోరు కట్టేసుకుంటుంది, అప్పుడు చబ్ కోసం చిన్న నదుల టికెట్లు చూడండి, బ్రెడ్ ముక్క చాలు.

రెండోది టికెట్ ఎన్నింటి వరకు. ఇది ఎవరూ అడగరు, అసలు అడగాల్సిందే ఇది. చాలా టికెట్లు తెల్లారి నుంచి పొద్దుగూకే దాకానే, ఎండాకాలంలో బార్బెల్ మేతకి దిగేదే పొద్దుగూకాక. సీసాలో పడ్డ ఈగలాగా మధ్యాహ్నమంతా కొట్టుకుని సరిగ్గా అవి మేతకి దిగే టైమ్‌కి సామాను సర్దుకోవాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. రెండు స్ట్రెచ్‌లు ఒకే రేటుకుంటే రాత్రి పదకొండు దాకా ఉండనిచ్చేదే తీసుకుంటా, నీళ్ళు కాస్త నాసిగా ఉన్నా సరే.

గట్టు మీదకెళ్ళాక నీళ్ళు చదవడం రావాలి. వేగంగా పారే ఒరవడి, పక్కన నెమ్మదిగా ఉండే నీళ్ళు, ఆ రెండిటి మధ్య నున్నటి గీత ఒకటి కనపడుతుంది, నురగ ముక్కలు దాని వెంటే పోతుంటాయి. చేప ఒళ్ళు అలవకుండా నెమ్మది వైపు నించుని, ఒరవడిలో కొట్టుకొచ్చే మేతని అందుకుంటుంది. ఫీడర్ ఆ గీత మీద పడాలి. ఎరకి పెల్లెట్, హెంప్ గింజలు, లంచియన్ మీట్ (డబ్బాలో వచ్చే మాంసం). ఇక్కడి ముసలాళ్ళు ఆ లంచియన్ మీట్ ముక్కల మీద కర్రీ పౌడర్ చల్లి రాత్రంతా నానబెడతారు, నిజంగానే పనిచేస్తది. వాళ్ళ డబ్బా పౌడర్ కంటే మా ఇంటి మసాలా ఘాటు కాబట్టి ఆ విషయంలో నేనే ముందున్నానని నా నమ్మకం.

పడ్డాక ఏం చేస్తావ్, పులుసా అని ఇంటి దగ్గర్నుంచి ఫోన్‌లో మా బావ ప్రతిసారీ అడుగుతాడు. లేదు బావా, వదిలెయ్యాలి. ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ బైలా (నియమం) ప్రకారం నదిలో రోజుకి 20 సెంటీమీటర్ల లోపు చిన్న చేపలు 15, 65 సెంటీమీటర్ల లోపు పైక్ ఒకటి తీసుకోవచ్చు, అదీ ఓనర్ ఒప్పుకుంటేనే, డే టికెట్ క్లబ్బులు దాదాపు ఏవీ ఒప్పుకోవు. చేపలు సంచిలో వేసుకెళ్ళే విదేశీయులు అంటూ గట్టు మీద ఇప్పటికే చాలా గుసగుసలున్నాయి, మన వంతుగా దానికి ఆజ్యం పొయ్యొద్దు. బార్బెల్ అయితే ఇంకా జాగ్రత్త, అది శక్తంతా అయ్యేదాకా కొట్లాడుతుంది, వెంటనే నీళ్ళలో వదిలితే వెల్లకిలా తిరిగి పోతుంది. ల్యాండింగ్ నెట్‌లోనే ఉంచి, తల ఎదురు ప్రవాహానికి తిప్పి, రెండు చేతుల్తో నిటారుగా పట్టుకోవాలి. మొప్పలు ముందు పైపైన ఆడతాయి, తర్వాత నిండుగా తెరుచుకుంటాయి, మీసాలు కదుల్తాయి, చివరికి అరచేతిలో తోక ఒక్కటిస్తుంది, అప్పుడు వదలాలి. ఎండాకాలం పది నిమిషాలైనా పట్టొచ్చు, నడుం నొప్పొచ్చినా పట్టుకునే ఉండండి. అన్నట్టు పులిహోర డబ్బా తెరిచేముందు చేతులు శానిటైజర్‌తో కాదు, సబ్బుతో కడుక్కోండి, గట్టు మీద ఎలుకల మూత్రం నుంచి వీల్స్ జబ్బు వస్తుందని క్లబ్బులవాళ్ళు ఊరికే బోర్డులు పెట్టరు.

ఒక స్ట్రెచ్‌కి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలనిపిస్తే డే టికెట్లు ఆపేసి క్లబ్ బుక్ (ఏడాది మెంబర్‌షిప్) తీసుకోండి, ఏడాది ఫీజు చాలాచోట్ల కొన్ని డే టికెట్ల ఖర్చుకే వచ్చేస్తుంది, పైగా మెంబర్లకి మాత్రమే తెరిచే గేట్ల కోడ్ ఇస్తారు, మంచి పెగ్గులు చాలావరకు ఆ గేట్ల అవతలే. ఈ సీజన్ మొదలెట్టేవాళ్ళు జూన్ 16నే పరిగెత్తకండి, ఆ రోజు ప్రతి చెట్టు కిందా ఒకడుంటాడు. జులై మధ్యలో, వారం మధ్య రోజు, సాయంత్రం నాలుగింటికి వెళ్ళండి, కారు ఎక్కడ పెట్టాలో మాత్రం పగలే చూసుకోండి.