సమయే తిష్ఠ సుగ్రీవ

తిరుపతి కోదండరామస్వామి సన్నిధిలో కిష్కింధాకాండ పురాణ కాలక్షేపం వింటుండగా, "సమయే తిష్ఠ సుగ్రీవ మా వాలిపథమన్వగాః" అన్న రామసందేశం దగ్గర పక్కనున్న పెద్దాయన నావైపు వంగి, "చూస్తివా స్వామీ, రాముడు గూడా టైముకు రమ్మనే చెప్పినాడు" అన్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది.

ఇక్కడ సమయమంటే వేళ కాదు, ఒడంబడిక. ఒడంబడికలో నిలబడు సుగ్రీవా, వాలి దారిన పోకు అని ఆ మాటకు అర్థం. 'సమ్' అంటే కూడి, 'అయ' అంటే నడక. ఇద్దరు నడిచి వచ్చి కలుసుకున్న చోటు సమయం. ఆ అర్థాన్ని మనం పూర్తిగా పోగొట్టుకోలేదు. చకోరం వెన్నెల తాగుతుందని కవులందరూ ఒప్పుకున్న మాటను ఇప్పటికీ కవిసమయమనే అంటున్నాము. ద్రౌపదితో ఒకరు ఏకాంతంగా ఉండగా మరొకరు అక్కడికి వెళ్ళరాదని నారదుని ఎదుట పాండవులు చేసుకున్నదీ సమయమే. దానిని దాటినందుకు, ధర్మరాజు వారించినా, సాకులతో ధర్మం ఆచరించరాదని అర్జునుడు వనవాసానికి వెళ్ళాడు.

సుగ్రీవుడు దుర్మార్గుడు కాడు. హనుమంతుడు రాజేసిన అగ్నికి ప్రదక్షిణం చేసి రాముడితో చెలిమి కట్టినవాడే. రాముడు తన వంతు ముందే తీర్చాడు, వాలి పడ్డాడు. వానాకాలం వెళ్ళిపోయినా, సీతను వెదికిస్తానన్న సుగ్రీవుడు మాత్రం అంతఃపురం విడిచి కదలలేదు. వాలి వెళ్ళిన దారి ఇంకా మూసుకుపోలేదని అంత కటువుగా చెప్పి పంపిన ఆ రాముడే, లక్ష్మణుడు కోపంతో విల్లందుకోగానే, పరుషాలు మాని "సామోపహితయా వాచా", అనునయంగా మాట్లాడమని వెనక్కి లాగాడు. మాట తప్పినవాడిని చెలిమిలోంచి వెలివేయకుండా, తిరిగి ఆ మాట దగ్గరికే పిలిచాడు. ఈ ఘట్టం చదివిన ప్రతిసారీ నాకు కళ్ళు చెమ్మగిల్లుతాయి.

ఆ అగ్నే మన పెళ్ళిళ్ళలోనూ సాక్షి. సప్తపదిలో ఏడో అడుగు దాటాక వరుడు వధువుతో "సమయావ" అంటాడు, కలిసి నడుద్దామని. ఆ సమ్, ఆ నడక మళ్ళీ ఇక్కడున్నాయి. ముహూర్తం నిమిషం తప్పిందని పురోహితుడి మీద విరుచుకుపడే మనము, ఫొటో సరిగా రాలేదని ఆ అడుగులను మళ్ళీ వేయిస్తూ, ఆ మంత్రాన్ని మేళంలో కలిపేస్తున్నాము. అయ్యా, ఆ ఒక్క నిమిషం మేళం ఆపించండి. వధూవరులకు అర్థం చెప్పించండి.

ఇంతా చెప్పే నేను, మా అబ్బాయికి జ్వరం తగ్గితే అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి వస్తానని మొక్కుకుని ఆరేళ్ళయింది. జ్వరం ఆ వారమే తగ్గింది. ఆ తరువాత నాలుగు సార్లు బస్సులో కొండకు వెళ్ళి, తన పెళ్ళికి కుబేరుడి దగ్గర చేసిన అప్పుకు నేటికీ వడ్డీ కడుతున్న స్వామి ఎదుట చేతులు జోడించి వచ్చాను. ఈ శనివారం తెల్లవారుజామున పాదాలమండపం దగ్గర బయలుదేరుతున్నాను. మోకాళ్ళు గాలిగోపురం దాకానైనా సహకరిస్తాయేమో చూడాలి.