జీడి పొట్టు, నా ఆయాసం

నాకు ఉబ్బసం చిన్నప్పటి నుంచీ ఉంది. చలికాలంలో కాస్త పిల్లికూతలు వచ్చేవి, మందు వేసుకుంటే సర్దుకునేవి. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనిలో చేరాకే ముదిరింది.

పెంకు తీసిన పప్పును బోర్మాలో, అంటే వేడిగాలి గదిలో, ఆరబెట్టి మా ముందు పోస్తారు. చిన్న కత్తితో గీకుతుంటే ఎర్రటి పొట్టు పొడిపొడిగా లేచి ముక్కులోకి పోతుంది, కనురెప్పల మీద పేరుకుంటుంది. అంతా ఎగిరిపోతుందని ఫ్యాను వెయ్యరు. గాలి ఇటు తిరిగిందంటే పక్క షెడ్డులో పిక్కలు కాల్చే పొగ కూడా మాకే. జీడి నూనె తగిలితే బొబ్బలెక్కుతాయని పెంకు కొట్టేవాళ్లు చేతులకు వేరే నూనె రాసుకుంటారు. ఛాతీకి ఏం రాసుకోవాలో ఎవరూ చెప్పరు.

అర్ధరాత్రి లేచి, గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం పక్కవాళ్లం కదా, ఏ జబ్బుకైనా ముందు కిడ్నీ పరీక్షే. క్రియాటినిన్ బాగానే ఉంది.

సంక్రాంతికి పుట్టింటికి వెళ్తే ఆయాసం దానంతటదే తగ్గింది. "పుట్టింటి గాలి పడిందిలే" అని మా అత్తయ్య ఎత్తిపొడిచింది. శ్రీకాకుళంలో ఊపిరితిత్తుల డాక్టరు మాత్రం ఆ మాటే పట్టుకుంది. "ఏం పని చేస్తావమ్మా? సెలవు రోజు ఎలా ఉంటుంది?" అని అడిగింది. అంతకుముందు ఎవరూ అడగలేదు. ఊపిరితిత్తుల పనితీరు చూసే స్పైరోమెట్రీ చేయించి, ఊపిరి ఎంత వేగంగా వదలగలమో కొలిచే పీక్ ఫ్లో మీటరులో మూడుసార్లు ఊది ఎక్కువ వచ్చిన అంకె రాయమంది. ఇంట్లో ఉన్న రోజు 340 దగ్గర ఉండేది, పని దిగే వేళకు 240కి పడిపోయేది.

రోజూ పీల్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మొదలుపెట్టాను, పీల్చాక నోరు పుక్కిలించాలి. "అలవాటైపోతుంది, ఇక మానలేవు" అని వీధంతా సలహాలు. బీపీ మాత్రను ఆ మాట అనరెందుకో!

మందుతో సగమే తగ్గింది. అంకెలు రాసిన పుస్తకం షావుకారుకి చూపిస్తే, "చిన్నప్పటి జబ్బుకి నా షెడ్డేం చేసింది?" అన్నాడు. ఉన్న ఉబ్బసాన్ని పనిచోటి పొగ, దుమ్ము పెంచుతున్నాయని డాక్టరు చీటీ రాసిచ్చాక ప్యాకింగుకి మార్చాడు. అక్కడ రోజు కూలి. పొట్టు తీతలో కిలోల లెక్కన వచ్చినంత రాదు. కానీ రాత్రిళ్లు నిద్రపోతున్నాను. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే నీలం ఇన్‌హేలర్ సంచిలోనే ఉంటుంది, తీసే పని పెద్దగా పడటం లేదు.

సీజన్ కదా, మళ్లీ పొట్టు తీతకి రమ్మని కబురు పెడుతున్నారు. చూద్దాంలే అంటున్నాను. వెళ్లను.